జెంకిన్స్‌విల్‌లో ఆగిన రియాక్టర్లు, ఆగని వసూళ్లు

అణు విద్యుత్తును మళ్లీ నిలబెట్టే ప్రయత్నం ఇప్పుడు అమెరికా రాష్ట్రాల శాసనసభలలో జోరుగా సాగుతోంది. కొత్త రియాక్టర్లపై దశాబ్దాల నాటి ఆంక్షలను విస్కాన్సిన్ 2016లో, కెంటకీ 2017లో, మోంటానా 2021లో, వెస్ట్ వర్జీనియా 2022లో ఎత్తివేశాయి. 1987 నుంచి నిషేధం అమలు చేస్తూ వచ్చిన ఇల్లినాయ్ కూడా 2023లో చిన్న రియాక్టర్లకు మినహాయింపు ఇచ్చింది. మిషిగన్ సరస్సు ఒడ్డున 2022 మే నెలలో మూతపడిన పాలిసేడ్స్ కేంద్రాన్ని తిరిగి నడిపించడానికి మిషిగన్ రాష్ట్రం తన బడ్జెట్ నుంచి రెండు విడతలుగా 30 కోట్ల డాలర్లు ఇచ్చింది. టెక్సస్ 2025లో ఇందుకోసం ఒక ప్రత్యేక కార్యాలయాన్నే ఏర్పాటు చేసి 35 కోట్ల డాలర్లు కేటాయించింది. నేను నివసిస్తున్న దక్షిణ కెరొలైనాలో, జెంకిన్స్‌విల్ దగ్గర 2017లో మధ్యలో వదిలేసిన రెండు రియాక్టర్లను మళ్లీ చేపట్టాలన్న ప్రయత్నం చాలా దూరం వచ్చింది. ఆ రియాక్టర్లు పూర్తి కావాలని కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే అవి ఎందుకు ఆగిపోయాయో, ఆగిపోయిన తరువాత కూడా వాటి పేరిట డబ్బు ఎవరి నుంచి వసూలవుతూ వచ్చిందో గుర్తుంచుకోకుండా కొత్త చట్టాలు రాయడం ప్రమాదమని నా గట్టి అభిప్రాయం.

ముందుగా, అణు విద్యుత్తు విషయంలో ఒక రాష్ట్ర శాసనసభ చేయగలిగింది ఏమిటో చూడాలి. రియాక్టర్ భద్రత, వికిరణ నియంత్రణ, లైసెన్సులు ఇవ్వడం, ఇవన్నీ 1954 నాటి అణుశక్తి చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ఈ పనిని 1975 నుంచి అణు నియంత్రణ కమిషన్ చేస్తోంది. వ్యర్థాలను శాశ్వతంగా భద్రపరిచే మార్గం తేలేదాకా కొత్త రియాక్టర్లు వద్దంటూ 1976లో కాలిఫోర్నియా చేసిన చట్టాన్ని విద్యుత్ సంస్థలు కోర్టులో సవాలు చేసినప్పుడు, సుప్రీంకోర్టు 1983లో ఈ హద్దును స్పష్టంగా గీసింది. భద్రత గురించి రాష్ట్రాలు తీర్పు చెప్పకూడదు. కానీ ఆ కరెంటు అవసరమా, దాని ఖర్చు గిట్టుబాటవుతుందా, చార్జీలు ఎంత ఉండాలి అన్నవి రాష్ట్రాల ఇష్టం. అంటే రాష్ట్ర చట్టంలో అసలు విషయం డబ్బే. అణు విద్యుత్ బిల్లును ఏ శాసనసభ ఆమోదించినా, వాతావరణ మార్పుల గురించీ ఉద్యోగాల గురించీ ముందుమాటలో ఎంత రాసినా, చివరికి ఆ చట్టం తేల్చేది నష్టం వస్తే ఎవరి నెత్తిన పడాలన్నదే.

దక్షిణ కెరొలైనా శాసనసభ 2007లో ఆమోదించిన బేస్ లోడ్ రివ్యూ చట్టం ఈ ప్రశ్నకు చాలా సూటిగా జవాబు చెప్పింది. అప్పటి గవర్నర్ మార్క్ శాన్‌ఫర్డ్ సంతకం చేయలేదు, వీటో కూడా చేయలేదు. ఆ బిల్లు అలాగే చట్టమైపోయింది. దాని తీవ్రత అర్థం కావాలంటే అంతకుముందున్న పద్ధతి తెలియాలి. విద్యుత్ సంస్థ కేంద్రాన్ని కట్టడానికి తన సొమ్మో అప్పు తెచ్చిన సొమ్మో పెట్టుకునేది. కేంద్రం పూర్తయి కరెంటు ఇవ్వడం మొదలయ్యాక ఆ ఖర్చంతా, చార్జీలను ఆమోదించే రాష్ట్ర సంస్థ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ముందు పెట్టి, ప్రతి డాలరూ వివేకంతోనే ఖర్చు చేశానని ఒప్పించి, ఆ తరువాతే దానిని చార్జీలలో కలుపుకునేది. వినియోగదారుడికి ఉపయోగపడని కేంద్రానికి వినియోగదారుడు డబ్బు కట్టనక్కరలేదన్నది ఆ పద్ధతికి పునాది. 2007 చట్టం ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. నిర్మాణం సాగుతున్నప్పుడే, పెట్టుబడిపై పడే వడ్డీనీ వాటాదారుల రాబడినీ ఏటా చార్జీలు పెంచి వసూలు చేసుకోవచ్చన్నది. ప్రాజెక్టు వివేకవంతమైనదేనా అన్న విచారణను మొదట్లోనే ముగించి, ఆ తీర్పును తిరగదోడడం దాదాపు అసాధ్యం చేసింది. అన్నిటికన్నా ముఖ్యంగా, నిర్మాణాన్ని మధ్యలో వదిలేసినా అప్పటిదాకా పెట్టిన పెట్టుబడిని వినియోగదారుల నుంచి రాబట్టుకునే హక్కు కల్పించింది.

ఈ చట్టానికి ఒక సమర్థన ఉంది, దానిని న్యాయంగా చెప్పాలి. అణు కేంద్రానికి ఇంధనం ఖర్చు తక్కువ, కట్టుబడి ఖర్చు ఎక్కువ. పదేళ్లు పట్టే నిర్మాణంలో వడ్డీపై వడ్డీ పెరిగి, కేంద్రం ప్రారంభమయ్యే నాటికి అసలుతో పోటీపడుతుంది. ఆ వడ్డీని ఏటికేడు కట్టేస్తే మొత్తం ఖర్చు తగ్గుతుంది, అప్పిచ్చేవాళ్లకు ధైర్యం వస్తుంది, చార్జీలు ఒక్కసారిగా పెరగకుండా మెల్లగా పెరుగుతాయి. ఈ లెక్కలో తప్పు లేదు. కానీ కేంద్రం పూర్తవుతుందన్న నమ్మకం మీదే ఈ లెక్క మొత్తం ఆధారపడి ఉంది. తెలుగు రాష్ట్రాలలో ఎప్పుడో వాడిన కరెంటుకు ట్రూ-అప్ చార్జీల పేరిట ఇప్పుడు కట్టమంటేనే ప్రజలకు ఎంత కోపం వస్తుందో మనకు తెలుసు. ఇక్కడ ఇంకా పుట్టని కరెంటుకు డబ్బు కట్టారు.

కొలంబియా నగరానికి వాయవ్యంగా, ఫెయిర్‌ఫీల్డ్ కౌంటీలోని జెంకిన్స్‌విల్ దగ్గర మాంటిచెల్లో జలాశయం ఒడ్డున వి.సి. సమ్మర్ కేంద్రం ఉంది. అక్కడి మొదటి యూనిట్ 1984 నుంచి పనిచేస్తోంది. దక్షిణ కెరొలైనాలో ఇలాంటివి ఏడు రియాక్టర్లు ఉన్నాయి. రాష్ట్రంలో ఉత్పత్తయ్యే కరెంటులో సగానికి పైగా అణు విద్యుత్తే. కాబట్టి ఇక్కడి ప్రజలకు అణు కేంద్రమంటే కొత్తా కాదు, భయమూ అంతగా లేదు. 2008లో ఎస్‌సీఈ అండ్ జీ అనే ప్రైవేటు సంస్థ 55 శాతం, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ శాంటీ కూపర్ 45 శాతం వాటాతో అదే స్థలంలో మరో రెండు రియాక్టర్లు కడతామని ముందుకు వచ్చాయి. రెండూ వెస్టింగ్‌హౌస్ రూపొందించిన ఏపీ1000 రకం, ఒక్కొక్కటి 1,117 మెగావాట్లు. ఈ నమూనా మంచిదే. రియాక్టర్‌పైన ఉంచిన పెద్ద నీటి ట్యాంకు ఆధారంగా, బయటి కరెంటు పోయినా, సిబ్బంది చేయి పెట్టకపోయినా 72 గంటల పాటు దానంతటదే చల్లబడేలా దీనిని రూపొందించారు. చైనాలోని శాన్‌మెన్‌లో 2018లో మొదటిది పని మొదలుపెట్టింది.

సమ్మర్ ప్రాజెక్టు అంచనా ఖర్చు 980 కోట్ల డాలర్లు. మొదటిది 2016లో, రెండోది 2019లో పూర్తి కావాలి. అయితే డిజైన్ వివరాలు పూర్తికాకముందే పని మొదలైంది. కేంద్రం భాగాలను లూసియానాలోని లేక్ చార్లెస్ కర్మాగారంలో పెద్ద పెద్ద మాడ్యూళ్లుగా తయారుచేసి తెచ్చి ఇక్కడ అమర్చాలన్నది ప్రణాళిక. ఆ మాడ్యూళ్లు ఆలస్యంగా వచ్చేవి, వచ్చినవి లోపాలతో ఉండేవి, సరిచేసేసరికి తరువాతి పని ఆగిపోయేది. ముప్ఫై ఏళ్లుగా కొత్త రియాక్టర్ కట్టని దేశంలో ఆ పని తెలిసిన ఇంజినీర్లూ వెల్డర్లూ సరిపడా లేకపోవడం ఇంకో కారణం. గడువులు జరుగుతూ పోయాయి. చార్జీలు మాత్రం గడువు తప్పకుండా పెరిగాయి. 2009 నుంచి 2016 దాకా మొత్తం తొమ్మిది సార్లు పెంచారు, చివరికి ఎస్‌సీఈ అండ్ జీ వినియోగదారుడి బిల్లులో దాదాపు 18 శాతం ఈ రెండు రియాక్టర్ల కోసమే పోయేది.

ప్రాజెక్టు పరిస్థితిని పరిశీలించమని యజమాన్య సంస్థలు బెక్టెల్ కంపెనీని నియమించాయి. ప్రకటించిన గడువులోగా రియాక్టర్లు పూర్తికావని ఆ పరిశీలనలో తేలింది. 2016 ఫిబ్రవరి నాటి ఆ నివేదికను అటు పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కూ ఇటు ప్రజలకూ చూపించలేదు. గవర్నర్ హెన్రీ మెక్‌మాస్టర్ ఒత్తిడితో అది బయటపడింది 2017 సెప్టెంబరులో, అంటే అంతా అయిపోయాక. ఈ లోపు ఇంకో పెంపుకు ఆమోదం దొరికింది. మరి కమిషన్ ఏం చేస్తోందని ఎవరైనా అడగవచ్చు. ఈ రాష్ట్రంలో కమిషన్ సభ్యులను శాసనసభే ఎన్నుకుంటుంది. ఆ శాసనసభే ఈ చట్టాన్ని ఆమోదించింది. ప్రజల పక్షాన నిలవాల్సిన నియంత్రణ సిబ్బంది కార్యాలయానికి, విద్యుత్ సంస్థల ఆర్థిక క్షేమాన్ని కూడా కాపాడాలన్న బాధ్యతను అప్పట్లో చట్టమే అప్పగించింది. ఒకే కార్యాలయం రెండు పక్షాల వకాల్తా పుచ్చుకుంటే బలహీనుడి మాట వినపడదు. ఆ నిబంధనను 2018లో తొలగించారు.

2017 మార్చి 29న వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. జులై 31న ఎస్‌సీఈ అండ్ జీ, శాంటీ కూపర్ నిర్మాణాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించాయి. అప్పటికి దాదాపు 900 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. పూర్తి చేయాలంటే మొత్తం 2,500 కోట్లు దాటుతుందన్నారు. పని సగం కూడా కాలేదు. 5,000 మందికి పైగా కార్మికులు ఒక్కరోజులో ఉపాధి పోగొట్టుకున్నారు. ఆ ఉద్యోగాలను నమ్ముకుని చిన్న చిన్న వ్యాపారాలు పెట్టుకున్న పల్లె ప్రాంతమది. ఫెయిర్‌ఫీల్డ్ కౌంటీ ఆశించిన పన్ను ఆదాయం ఇక రాదని తేలిపోయింది. వినియోగదారులు అప్పటికే సుమారు 200 కోట్ల డాలర్లు కట్టి ఉన్నారు.

నేరం చేసినవాళ్లకు కొంత శిక్ష పడింది. ఎస్‌సీఈ అండ్ జీ మాతృసంస్థ స్కానా అధిపతి కెవిన్ మార్ష్ మోసం నేరం ఒప్పుకోగా 2021లో రెండేళ్ల జైలు శిక్ష విధించారు. ఆయన కింద పనిచేసిన స్టీఫెన్ బైర్న్‌కు 2023లో 15 నెలల శిక్ష పడింది. చట్టం వల్ల జరిగిన నష్టానికి మాత్రం శిక్ష అనుభవిస్తున్నది ప్రజలే. శాసనసభ 2018లో ఆ చట్టాన్ని ఇకపై వర్తించకుండా రద్దు చేసి, చార్జీలను తాత్కాలికంగా 15 శాతం దాకా తగ్గించింది. కానీ అప్పటికే ఆ చట్టం కింద ఖర్చు పెట్టిన సొమ్మును రాబట్టుకునే హక్కు సంస్థకు ఏర్పడింది. 2019 జనవరిలో స్కానాను కొనుగోలు చేసిన డొమినియన్ సంస్థతో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఒక్క యూనిట్ కరెంటు కూడా ఇవ్వని ఆ నిర్మాణానికి వినియోగదారులు ఇరవై ఏళ్ల పాటు ఇంకో 230 కోట్ల డాలర్లు కట్టాలి. శాంటీ కూపర్‌కైతే వాటాదారులే లేరు. అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి దాని అప్పు మొత్తం దాని వినియోగదారుల అప్పే. వాళ్లలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల సభ్యులే ఎక్కువ.

పక్కనే ఉన్న జార్జియా కథ వేరుగా ముగిసింది. అక్కడి శాసనసభ 2009లో ఇలాంటి చట్టమే చేసింది. అగస్టా దగ్గరి వోగ్‌టల్ కేంద్రంలో అవే ఏపీ1000 రియాక్టర్లు రెండు, అదే వెస్టింగ్‌హౌస్, అవే మాడ్యూళ్లు, అవే ఆలస్యాలు. 2017 డిసెంబరులో జార్జియా కమిషన్ పని కొనసాగించమన్నది. కేంద్రంలో పెద్ద వాటా ఉన్న జార్జియా పవర్‌కు మాతృసంస్థ అయిన సదరన్ కంపెనీ బాధ్యత తీసుకుని, బెక్టెల్‌ను నిర్మాణానికి పెట్టుకుని, కేంద్ర ప్రభుత్వ రుణ హామీతో గట్టెక్కింది. మూడో యూనిట్ 2023 జులై 31న వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. సమ్మర్‌ను వదిలేసిన ప్రకటనకు సరిగ్గా ఆరేళ్లు. నాలుగోది 2024 ఏప్రిల్‌లో వచ్చింది. మొదట 1,400 కోట్లన్న ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటిపోయింది. అయినా ఆ రెండు యూనిట్లు రాత్రీ పగలూ తేడా లేకుండా కరెంటు ఇస్తున్నాయి, అరవై ఏళ్లో అంతకన్నా ఎక్కువో ఇస్తాయి. జార్జియా చివర్లో ఒక మంచి పని కూడా చేసింది. ఖర్చుపెట్టినదంతా ప్రజల మీద వేయకుండా, జార్జియా పవర్ వాటాకు సంబంధించి 756 కోట్ల డాలర్లే చార్జీలలో కలపాలని, మిగిలిన భారాన్ని వాటాదారులు భరించాలని 2023 డిసెంబరులో తేల్చారు. అలాగని అక్కడి ప్రజలు సంతోషంగా ఏమీ లేరు. 2025 నవంబరులో కమిషన్‌కు జరిగిన ఎన్నికలలో, పెరిగిన బిల్లులే ప్రధాన విషయంగా, రెండు స్థానాలలోనూ పదవిలో ఉన్నవాళ్లు ఓడిపోయారు.

ఒహైయో గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నష్టాలలో ఉన్న రెండు అణు కేంద్రాలను ఆదుకుంటామంటూ 2019లో చేసిన చట్టం వెనుక సుమారు 6 కోట్ల డాలర్ల లంచాల వ్యవహారం బయటపడి, స్పీకర్ లారీ హౌస్‌హోల్డర్‌కు ఇరవై ఏళ్ల జైలు శిక్ష పడింది. ఆ రెండు కేంద్రాలను నిలబెట్టుకోవడం అవసరమే కావచ్చు. ఆ అవసరాన్ని అడ్డం పెట్టుకుని చేసిన పని మాత్రం అణు విద్యుత్తుకే చెడ్డపేరు తెచ్చింది, అదే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

ఇంత జరిగినా, 2007 నాటి ఆలోచన మళ్లీ తల ఎత్తుతోంది. చిన్న రియాక్టర్ల ముందస్తు అభివృద్ధి ఖర్చులను, అవి కట్టకముందే, వినియోగదారుల నుంచి రాబట్టుకునే వీలు కల్పిస్తూ ఇండియానా 2025లో చట్టం చేసింది. ఇప్పుడు పుట్టుకొస్తున్న కరెంటు గిరాకీలో చాలా భాగం డేటా సెంటర్లదే. ఆ కంపెనీల దగ్గర సొమ్ముకు కొరత లేదు. వాటికోసం కట్టబోయే రియాక్టర్ నష్టభయాన్ని, పింఛను మీద బతికే ముసలివాళ్ల కరెంటు బిల్లులో కలపడానికి నాకు ఏ న్యాయమూ కనపడదు.

ఈ విషయంలో దక్షిణ కెరొలైనా ఈసారి కొంత మెరుగైన దారిలోనే ఉంది. 2025 మే నెలలో గవర్నర్ సంతకం చేసిన ఇంధన భద్రతా చట్టం అణు విద్యుత్తు విస్తరణను ప్రోత్సహించింది. అంతకుముందే, జనవరిలో, ఆ రెండు రియాక్టర్లను ఎవరైనా కొని పూర్తి చేస్తారా అని శాంటీ కూపర్ ప్రతిపాదనలు పిలిచింది. అక్టోబరులో బ్రూక్‌ఫీల్డ్ అనే పెట్టుబడి సంస్థను ఎంచుకుంది. వెస్టింగ్‌హౌస్‌లో 51 శాతం వాటా ఉన్నది ఈ బ్రూక్‌ఫీల్డ్‌కే కాబట్టి, డిజైన్ వేసినవాడొకడు నష్టపోయేవాడొకడు అన్న పాత పరిస్థితి కొంతవరకు మారుతుంది. డిసెంబరులో ఖరారైన అవగాహన ప్రకారం, ప్రాజెక్టు ముందుకు సాగితే బ్రూక్‌ఫీల్డ్ 270 కోట్ల డాలర్లు చెల్లిస్తుంది. శాంటీ కూపర్‌కు 25 శాతం దాకా వాటా ఉండవచ్చు. ఆ 270 కోట్లు పాత అప్పు తీర్చడానికి పనికొస్తే సహకార సంఘాల సభ్యులకు అది నిజమైన ఊరట. పాత లైసెన్సులు వదులుకున్నారు కాబట్టి అణు నియంత్రణ కమిషన్ దగ్గర ఆ పని మళ్లీ మొదటి నుంచి జరగాలి. 2017 నుంచి అలాగే నిలిచిపోయిన కాంక్రీటునూ ఉక్కునూ ఒక్కొక్కటిగా పరీక్షించాలి.

ఇదే ఏపీ1000 మన కొవ్వాడలోనూ రావలసి ఉంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో అలాంటివి ఆరు కట్టాలన్నది ప్రణాళిక. మన రాజ్యాంగంలో అణుశక్తి కేంద్ర జాబితాలోని అంశం కాబట్టి అమరావతిలో దీని మీద చట్టం చేసేది ఉండదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం ప్రైవేటు సంస్థలను ఈ రంగంలోకి అనుమతించింది, పరికరాల సరఫరాదారులపై 2010 నాటి అణు ప్రమాద పరిహార చట్టం పెట్టిన బాధ్యతను సడలించింది. అయినా ఆ కరెంటును కొనేది డిస్కంలు, దాని ధరను ఇళ్ల బిల్లులలోకి చేర్చేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. కొవ్వాడ గురించి తెలుగులో జరిగే చర్చ అంతా భూములు, పునరావాసం, భద్రత చుట్టూ తిరుగుతుంది. అవి ముఖ్యమే. కానీ వోగ్‌టల్ ఖర్చు రెండింతలు దాటిందన్న సంగతి చేతిలో పెట్టుకుని, యూనిట్ ధర ఎంత, ఆలస్యమైతే పెరిగే వడ్డీ ఎవరిది అని మండలి బహిరంగ విచారణలో అడిగేవాళ్లు కావాలి. ఆ విచారణలకు ఎవరైనా వెళ్లవచ్చు, అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు.

ఇక్కడి విషయానికి వస్తే, శాంటీ కూపర్ అట్టిపెట్టుకోబోయే ఆ 25 శాతం వాటా మీదే నా దృష్టి ఉంది. వాటా ఉన్నంతమేర ఖర్చు పెరిగినప్పుడు అదనంగా పెట్టుబడి పెట్టాల్సి వస్తుందా, లేక మొదట చెప్పిన మొత్తం దగ్గరే దాని బాధ్యత ఆగిపోతుందా అన్నది తుది ఒప్పందంలో ఉండాలి. అది ఒప్పందంలో మాత్రమే ఉంటే చాలదు, శాసనసభ చట్టంగా రాయాలి. రియాక్టర్ వాణిజ్య ఉత్పత్తి మొదలయ్యేదాకా శాంటీ కూపర్ చార్జీలలో దాని ఖర్చు చేరకూడదని ఒక వాక్యం, స్వతంత్ర ఇంజినీర్ల నివేదిక ఏదైనా అందిన ముప్ఫై రోజులలో బహిరంగపరచాలని ఇంకో వాక్యం ఉంటే చాలు. ఈ రాష్ట్రంలో ఉంటున్న తెలుగువాళ్లు, పౌరసత్వం ఉన్నా లేకపోయినా బిల్లు కడుతున్నవాళ్లే కాబట్టి, తమ జిల్లా శాసనసభ్యుడికి ఈ రెండు వాక్యాల గురించి ఉత్తరం రాయాలని నా విన్నపం. తుది పెట్టుబడి నిర్ణయానికి ఇంకా సమయం ఉంది, నేను నా ఉత్తరం పంపాను.